లేపాక్షి కప్పు క్రింద రెండు కెమెరాలు

లేపాక్షికి మేము వెళ్ళడం ఇది రెండవసారి. 2016 డిసెంబరులో మొదటిసారి వెళ్ళినప్పుడు వీరభద్రాలయమూ, ఏకశిలా నందీ చూచి, అందరివలెనే వ్రేలాడే స్తంభం క్రింద చేతిరుమాలు దూర్చి ఇవతలి ప్రక్కకు లాగి, తృప్తిపడి, చీకటి పడేవేళకు బెంగుళూరు చేరుకొన్నాము. ఈ ఫిబ్రవరిలో వెళ్ళినప్పుడు మాత్రం పని పెట్టుకొని వెళ్ళాము.

మా శ్రీమతికి చీరల అంచుల నమూనాలను గళ్ళ కాగితం మీదకు ఎక్కించే అలవాటు ఉన్నది. లేపాక్షి మండపాల కప్పు మీద చిత్రించిన స్త్రీల చీరలలో ఒక్కొక్క చీరకు ఒక్కొక్క అంచు. మొదటి యాత్రలో తీసిన ఫోటోలను ముందు పెట్టుకొని ఆమె పద్నాలుగు అంచులు గీచింది. పదిహేనవ అంచు దగ్గర పని ఆగిపోయింది. ఫోటోను పెద్దది చేసినకొద్దీ గీతలు చెదరి మసకబారినవే గాని తేటపడలేదు. చేయి కదిలినందున కొన్ని, ఫోకసు తప్పినందున కొన్ని చెడిపోయినవి. ఈ మధ్యకాలంలో ఆమెకు మెడ ఎముకల అరుగుదల మొదలై, తల వెనుకకు వాల్చి పైకి చూడవద్దని డాక్టరు గట్టిగా చెప్పినారు. చిత్రాలన్నీ ఉన్నది కప్పు మీద. కనుక అక్కడ నిలబడి చూడడం కంటే ఫోటో తీసుకొని ఇంట్లో కుర్చీలో కూర్చుండి చూడడమే దారి. "ఏమండీ, ఈసారి కూడా మసక ఫోటోలే వస్తే మూడోసారి నేను రాలేను" అని ఆమె ముందే అన్నది.

మా కెమెరా 2015లో కొన్న నికాన్ డి750. అద్దం గల డి.ఎస్.ఎల్.ఆర్. జాతికి చెందినది. దానితోపాటు 50 మిల్లీమీటర్ల పాత డి-రకం లెన్సు, పక్షుల కొరకు 200–500 లెన్సు ఉన్నవి. ఇన్నేళ్ళలో మా ఇంట జరిగిన శుభకార్యాలన్నీ దానిలోనే నమోదైనవి. మా విభాగంలోని యువ ఇంజనీరు ఒకరు నిరుడు అద్దం లేని కొత్త కెమెరా, 2025లో వెలువడిన జడ్5 రెండవ మోడలు, కొన్నారు. మా సంగతి విని, "శుక్రవారం తీసుకెళ్ళండి సార్, సోమవారం ఇవ్వండి" అని 24–120 లెన్సుతోనూ, పాత లెన్సులను తగిలించే అడాప్టరుతోనూ సహా మా చేతిలో పెట్టినారు. కొనవలెనంటే లక్ష రూపాయలు దాటిన మాట. పదవీ విరమణ నాలుగేళ్ళ దూరంలో ఉన్నప్పుడు అటువంటి వస్తువును సంచిక చూచి గాని, అంగడివారి మాట విని గాని కొనరాదని మా అభిప్రాయం. పని మీద పెట్టి చూడవలెను.

బెంగుళూరు నుండి హైదరాబాదు రహదారి మీద ఉత్తరంగా వచ్చి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర పడమటికి తిరిగి, చిలమత్తూరు మీదుగా పోతే లేపాక్షి. మొత్తం సుమారు 120 కిలోమీటర్లు. ఒకప్పుడు అనంతపురం జిల్లా. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా. దారి పొడవునా గుండ్రాళ్ళ గుట్టలు. ఎవరో ఒకదానిపై ఒకటి పేర్చి, మళ్ళీ వస్తామని చెప్పి పోయినట్లుంటవి. ఊరి మొదట్లోనే నంది దర్శనమిస్తుంది. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలోని గంటల గొలుసు వరకు అంతా ఒకే రాయి. నందిని తీయడానికి ఏ కెమెరా అయినా చాలును. ఎండ ఉన్నది, రాయి కదలదు. అక్కడ తీసిన రెండు ఫోటోలను ప్రక్కప్రక్కన పెట్టి ఏది దేనితో తీసినదో చెప్పమంటే మాకే తెలియలేదు.

ఆలయం కూర్మశైలమనే చిన్న గుట్ట మీద ఉన్నది. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ దీనిని కట్టించినారు. రాజు ధనాన్ని అనుమతి లేక ఖర్చు చేసినాడన్న అభియోగం వచ్చినప్పుడు విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసరినాడని, ఆ ఎర్రని మరకలు అవేనని స్థలపురాణం. అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణమండపం ప్రక్కన ఈ కథ వింటుంటే, ఆడిట్ అభ్యంతరాల నడుమ ఉద్యోగం చేసినవారికి నవ్వూ వస్తుంది, గుండె దగ్గర కొంచెం కలుక్కుమంటుంది కూడా. వ్రేలాడే స్తంభం సంగతి కూడా ఒక మాట. అది పూర్తిగా గాలిలో లేదు. అడుగున ఒక అంచు నేలను తాకియే ఉన్నది. అయినా పైభారం ప్రక్క స్తంభాలు ఎట్లు పంచుకొంటున్నవో లెక్క వేయాలని చేతులు దురద పెట్టినవి. మా శ్రీమతి చూపు చూచి మానుకొన్నాము.

నాట్యమండపంలోకి వెళ్ళిన తరువాత అసలు పని మొదలైనది. బయటి ఎండలోనుంచి లోపలికి అడుగుపెట్టగానే కొంతసేపు ఏమీ కనిపించదు. కళ్ళు సర్దుకొన్న కొద్దీ కప్పు మీద ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు రంగులు ఒక్కొక్కటే బయటికి వస్తవి. సున్నపు గార మీద ఖనిజపు రంగులతో వేసి, నల్లని గీతతో చుట్టు కట్టిన బొమ్మలు. గిరిజా కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయంలోని పంది వేట. పొడుగు కుళ్ళాయిలు పెట్టిన పురుషులు వరుసగా నిలుచున్నారు, వారి సరసన చీరలు కట్టిన స్త్రీలు. నాలుగున్నర శతాబ్దాలకు పైబడిన బట్టల కొట్టు అది. ఫ్లాష్ వేయడం ఆ రంగుల పట్ల అపచారం. మూడుకాళ్ళ స్టాండుకు పురావస్తు శాఖ వారి అనుమతి కావలెను. మిగిలినవి మన చేతులు.

ఇక్కడ రెండు యంత్రాల నిర్మాణం కొద్దిగా చెప్పవలసి ఉన్నది. డి.ఎస్.ఎల్.ఆర్.లో లెన్సు వెనుక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. వెలుగు దాని మీదనుండి పైకెగసి, పట్టకంలో తిరిగి మన కంటికి చేరుతుంది. మనం చూచేది సాక్షాత్తు ఆ దృశ్యాన్నే. అద్దం నడుమ భాగం గుండా కొంత వెలుగు వెనుకనున్న మరో చిన్న అద్దం మీద పడి, అడుగునగల ఫోకసు పరికరానికి పోతుంది. బటను నొక్కినప్పుడు అద్దం పైకి లేచి, వెలుగు సెన్సరును చేరుతుంది. అనగా ఫోకసును కొలిచే చోటు ఒకటి, ఫోటో పడే చోటు మరొకటి. ఈ రెండు దారుల పొడవు సరిగ్గా సమానంగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. వెంట్రుకవాసి తేడా వస్తే ఫోకసు ముందుకో వెనుకకో జరుగుతుంది. క్యాలిబ్రేషను తెలిసిన మన మిత్రులకు ఇంతకంటె వివరణ అక్కరలేదు. 2016 నాటి మా ఫోటోలు కొన్ని చెడడానికి కారణం ఇదేనని మాకు చాలా ఆలస్యంగా తెలిసినది.

అద్దం లేని కెమెరాలో సెన్సరే కొలుస్తుంది, సెన్సరే ఫోటో తీస్తుంది. కంటికి కనిపించేది దృశ్యం కాదు, చిన్న తెర మీద దాని బొమ్మ. అద్దానికి కావలసిన చోటు మిగిలిపోవడంతో లెన్సు సెన్సరుకు దగ్గరకు జరిగినది. 1959లో మొదలైన ఎఫ్ మౌంటులో లెన్సు అంచు నుండి సెన్సరుకు 46.5 మిల్లీమీటర్లు, 2018లో వచ్చిన జడ్ మౌంటులో 16 మిల్లీమీటర్లు. తేడా 30.5. అడాప్టరు అంటే ప్రధానంగా ఆ తేడాను పూడ్చే ఖాళీ గొట్టం. దానిలో గాజు లేదు. పూర్వం అద్దం ఉన్న స్థలాన్ని లోహపు కడియంగా చేసి అమ్ముతున్నారని మా శ్రీమతి వ్యాఖ్యానించినది.

పాత కెమెరాతో మొదలుపెట్టినాము. వ్యూఫైండరులో చూడవలెనంటే తల వెనుకకు వాల్చవలెను, అది నిషిద్ధం. వెనుక తెరను వంచి ముఖం ఎత్తున పట్టుకొని చూడవచ్చును. కాని తెర మీద చూచేటప్పుడు అద్దం పైకి లేచి ఉంటుంది గనుక అడుగునున్న ఫోకసు పరికరం పనిచేయదు. కెమెరా లెన్సును ముందుకూ వెనుకకూ జరుపుతూ స్పష్టత ఎక్కడ హెచ్చుగా ఉన్నదో వెదుకుతుంది. ఆ మసక వెలుతురులో చీకటిలో తాళంచెవి రంధ్రం వెదికినట్లు కిర్రు కిర్రుమంటూ వెదికి వెదికి చాలాసార్లు చేతులెత్తేసినది. చేతి కదలిక కనబడకుండా సెకనులో 60వ వంతు వేగం పెడితే ఐ.ఎస్.ఓ. 6400కు పోయినది, సన్నని అంచుల మీద ఇసుక చల్లినట్లు రవ్వ పడినది.

అప్పుడు మాకు తోచిన ఖర్చులేని ఉపాయం ఒకటి చేసి చూచినాము. మడత పెట్టిన తువాలు నేల మీద పరచి, కెమెరాను వెల్లకిలా పడుకోబెట్టి, పది సెకనుల టైమరు పెట్టి ప్రక్కకు తప్పుకొన్నాము. నేల కదలదు గదా. ఫోటోలు అద్భుతమైన స్పష్టతతో వచ్చినవి. అయితే కప్పులో ఏ భాగం చట్రంలో పడుతున్నదో తెలియదు. పదకొండు తీస్తే మూడింటిలో కావలసిన చీరలు దొరికినవి. ఇంతలో ఒక పాఠశాల పిల్లల బృందం వచ్చి కెమెరా చుట్టూ గుమిగూడి లోపలికి తొంగిచూడసాగినారు. ఒక ఫోటోలో గిరిజా కల్యాణానికి విచ్చేసిన అతిథులతోపాటు ఆరుగురు బాలురు కూడా ఉన్నారు. తీరిక గలవారికి, కొత్త కెమెరా కొనదలచనివారికి ఈ పద్ధతిని మేము మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాము.

తరువాత కొత్త కెమెరా. దాని తెర ప్రక్కకు తెరుచుకొని, పూర్తిగా త్రిప్పితే లెన్సు చూచే వైపే చూస్తుంది. లెన్సు కప్పు వైపు ఉంటే తెర కూడా పైకే చూస్తుంది. మా శ్రీమతి కెమెరాను నడుము దగ్గర పట్టుకొని, తల వంచి, గ్రహణంనాడు పసుపు నీళ్ళ పళ్ళెంలో సూర్యుణ్ణి చూచినట్లు కప్పును క్రిందికి చూడసాగినది. ఆ స్థితిలో తెర మీద కుడి ఎడమలు తారుమారుగా కనిపించినవి గాని, ఫోటోలో సరిగానే పడినవి. మా పాత 50 లెన్సును అడాప్టరుతో తగిలించి చూస్తే దానికి ఆటో ఫోకసు లేదు. ఆ రకం లెన్సులను త్రిప్పే మోటారు పాత కెమెరా శరీరంలో ఉండేది, అడాప్టరులో లేదు. చేతితో త్రిప్పి, తెర మీద చీర అంచును పెద్దది చేసి చూచుకొంటూ ఫోకసు పెట్టడమే. నిజం చెప్పవలెనంటే ఏ ఆటో ఫోకసు కంటె అదే కచ్చితంగా వచ్చినది. సెన్సరు తానే కదిలి మన చేతి వణుకును సరిపెట్టే ఏర్పాటు ఉన్నందువలన సెకనులో 8వ వంతు వేగంలో కూడా గీతలు నిలిచినవి. దానితో ఐ.ఎస్.ఓ. తగ్గినది, రవ్వ తగ్గినది. సెన్సరు మాత్రం పదేళ్ళ తేడాకు తగినంత మెరుగేమీ కాదు. ఒకే వేగంలో, ఒకే ఐ.ఎస్.ఓ.లో తీసిన ఫోటోలలో డి750 ఇంకా తలెత్తుకొనే నిలిచినది.

మా వయస్సువారికి పనికివచ్చే మరొక మాట. తీసిన ఫోటోను వెనుక తెర మీద చూడవలెనంటే మాకు చదువుకొనే కళ్ళద్దాలు కావలెను. కొత్త కెమెరాలో ఆ ఫోటోనే వ్యూఫైండరులో చూడవచ్చును; దాని పవరును మన కంటికి సరిపడ ఒకసారి త్రిప్పి పెట్టుకొంటే చాలును. కళ్ళద్దాలు పెట్టుట, తీయుట, జేబులో వెదకుట, అవి నెత్తిమీదనే ఉన్నవని తెలిసికొనుట అనే నాలుగంచెల కార్యక్రమం తప్పిపోయినది. ఏ ప్రకటనలోనూ ఈ సంగతి ముందు వరుసలో వ్రాయగా మేము చూడలేదు.

ఆ రాత్రి హిందూపురంలో బస. తెల్లవారి చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి బయలుదేరినాము. అక్కడి చింతచెట్ల మీద ఏటేటా ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టి పిల్లలను చేస్తవి. చాలామంది వీటిని సైబీరియా కొంగలంటారు గాని, ఇవి మన ఉపఖండపు పక్షులే. నీరూ చేపలూ చూచుకొని మన దేశంలోనే ఇటూ అటూ తిరుగుతుంటవి. ఊరి నడుమ, ఇళ్ళ కప్పులకు ఆనుకొన్న చెట్ల మీద, పసుపు ముక్కులతో, రెక్కల చివర గులాబి రంగు అద్దినట్లున్న ఆ పెద్ద పక్షులు కొమ్మకొమ్మకూ కాపురం పెట్టినవి. క్రింద నేలంతా సున్నం చల్లినట్లున్నది. వాసన సంగతి చెప్పనక్కరలేదు. ఒక ముసలమ్మ వాకిలి చిమ్ముతూ, "యాడ నుంచి వచ్చినారు నాయనా?" అని పలకరించినది. ఇంత వాసన ఎట్లు భరిస్తున్నారని అడిగితే, "పురిటికొచ్చిన ఆడబిడ్డలప్పా. వాసనొస్తాందని పొమ్మంటామా?" అన్నది.

200–500 లెన్సును అడాప్టరుతో కొత్త కెమెరాకు తగిలించినాము. ఆ లెన్సుకు తన మోటారు తనకున్నది గనుక ఆటో ఫోకసు చక్కగా పనిచేసినది. పక్షిని గుర్తుపట్టే ఏర్పాటు పెట్టగానే ఎగిరివచ్చే కొంగ కంటి మీద చిన్న చతురస్రం వచ్చి కూర్చున్నది, కొమ్మల చాటుకు పోయినా వదలలేదు. ఇరవై నిమిషాలలో గత పదేళ్ళలో తీసినన్ని మంచి ఎగిరే పక్షుల ఫోటోలు తీసినామని చెబితే అతిశయోక్తి కాదు. ఇరవై ఒకటవ నిమిషంలో బ్యాటరీ గుర్తు ఎర్రబడినది.

ముందురోజు లేపాక్షిలో చాలా భాగం ఖర్చయిన బ్యాటరీని రాత్రి ఛార్జింగుకు పెట్టినాము. పెట్టినామే గాని, గోడ మీది స్విచ్చి వేయలేదు. ముప్పది ఏళ్ళకు పైగా విద్యుత్తు విభాగంలో పనిచేసిన వ్యక్తి ఈ వాక్యం వ్రాయడం ఎంత కష్టమో పాఠకులు ఊహించగలరు. అద్దం లేని కెమెరాలో చూడడానికి కూడా విద్యుత్తు కావలెను. ప్రామాణిక పరీక్షలో ఆ కెమెరాకు ఒక ఛార్జికి నాలుగు వందల లోపు ఫోటోలే చెబుతారు. మా డి750కు అదే లెక్కలో 1,230. రెండవ బ్యాటరీ లేకుండా కొత్త కెమెరాతో ప్రయాణం కట్టరాదు.

మా శ్రీమతి ఏమీ అనకుండా సంచిలోనుండి పాత కెమెరా తీసి లెన్సు మార్చినది. 840 గ్రాముల కెమెరా, 2,300 గ్రాముల లెన్సు. ఆమె మెడకు అది తగిన బరువు కాదని వారించి, ముసలమ్మ వాకిటి అరుగు మీద కూర్చోబెట్టి, లెన్సు క్రింద మా భుజం ఆసరాగా పెట్టినాము. పది నిమిషాలకు ఒక మగపక్షి నోట పచ్చని రెమ్మ పట్టుకొని, రెక్కలు ముడుస్తూ, కాళ్ళు ముందుకు చాచి గూటి మీద వాలినది. టకటకమని అద్దం కొట్టుకొన్న చప్పుడు మా చెవిలోనే వినిపించినది. అయిదు ఫోటోలలో నాలుగు పోయినవి. అయిదవ దానిలో రెమ్మ ఆకులు లెక్కపెట్టవచ్చును. "తెరలో చూస్తే సినిమా చూస్తున్నట్టు ఉందండీ. ఇందులో కొంగను చూస్తున్నట్టు ఉంది" అన్నది. ఈ మాటకు ఇంజనీరింగు సమాధానం మా దగ్గర లేదు. అది మగపక్షేనా అని అడుగకండి. ముసలమ్మ చెప్పినది, మేము వ్రాసినాము.

తిరుగు ప్రయాణంలో లెక్క తేలినది. 2020 తరువాత నికాన్, కానన్ సంస్థల నుండి కొత్త డి.ఎస్.ఎల్.ఆర్. మోడలు ఒక్కటీ రాలేదు. ఉన్నవాటికి విడిభాగాలు దొరికినంత కాలమే ఆయుస్సు. స్టోర్సు విభాగంతో పరిచయమున్న ఎవరికైనా ఈ దశ ఎట్లుంటుందో తెలుసును. అట్లని పదేళ్ళ లెన్సులను అమ్మి కొత్తవి కొనడం దుబారా. బెంగుళూరులో పాత కెమెరాను అంగడిలో చూపితే చెప్పిన వెల విని మేము మరుమాట లేకుండా సంచి మూసివేసినాము. చివరకు కెమెరా శరీరము, అడాప్టరు, రెండు బ్యాటరీలు మాత్రమే కొనుటకు నిశ్చయించినాము. కొత్త లెన్సులు లేవు. డి750 ఇంట్లోనే ఉంటుంది, 50 లెన్సుతో. అప్పుడు దాని బరువు సగానికి పైగా తగ్గుతుంది. అది ఇకమీదట తనదని మా శ్రీమతి ప్రకటించినది.

సోమవారం ఉదయం మిత్రునికి కెమెరా తిరిగి ఇచ్చినాము, ఈసారి బ్యాటరీ నిండుగా ఛార్జి చేసి.

అప్పటినుండి ఇంట్లో భోజనాల బల్ల మీద గళ్ళ కాగితాలు పరచి ఉన్నవి. పదిహేనవ అంచు నుండి మొదలై ముప్పది ఒకటి వరకు వచ్చినది. ఒకదానిలో హంసల వరుస, మరొకదానిలో గళ్ళ నడుమ చుక్క, ఇంకొకదానిలో పూలతీగ. ముప్పది రెండవది గిరిజా కల్యాణంలోని ఒక స్త్రీది. ఫోటోలో ప్రతి గీతా కనిపిస్తున్నది, గార మీది పగులు కూడా కనిపిస్తున్నది. మోకాలి దగ్గర జానెడు మేర గార రాలిపోయి, అంచు అక్కడ తెగిపోయి, మళ్ళీ పాదం దగ్గర మొదలవుతుంది. నడుమ నమూనా ఏమై ఉంటుందో రెండువైపులనూ బట్టి ఊహించి పూరించవచ్చునని మేము సలహా ఇచ్చినాము. ఆమె ఒప్పుకొనలేదు. ఆ పద్దెనిమిది గళ్ళు ఖాళీగా వదలి, ముప్పది మూడవ అంచు మొదలుపెట్టినది.